మెఱుగు - మన్నిక

మన భాషలో 'మెఱుగు' అను మాటకు కాంతి యనియు, మేలు అనియు రెండర్థములు కలవు. నగకు మెఱుగు పెట్టుదుము. రోగికి మెఱుగుగా నున్నదందుము. అయితే మెఱుగు పెట్టిన ప్రతి వస్తువును నిజముగా మెఱుగుపడునా? ఇంటి ముంగిట కారు నిలుపుకొనిన గృహస్థులు నేడు వేసికొనవలసిన ప్రశ్న యిది. ఉప్పలు, నాచారము మొదలుకొని మేడిపల్లి వరకు వరంగల్లు బాట పొడవున కొత్త కాపురములు వెలసినవి. కాపురములతోపాటు కార్లును వచ్చినవి. వానికి ఇంటిలోనే పూయదగిన మైనములు, లేపములు, 'సిరామిక్' పూతలు సీసాలలో దొరకుచున్నవి. వీని పూర్వకథ తెలిసినచో ఏది కొనవలెనో, ఏది మానవలెనో మనమే నిర్ణయించుకొనగలము.

పూతవిద్య మనకు కొత్తది కాదు. వరాహనది ఒడ్డున నున్న ఏటికొప్పాకలో అంకుడుకఱ్ఱను తరిమెనపై త్రిప్పుచు, రంగు కలిపిన లక్కకణికను దానికి ఒత్తుదురు. రాపిడి వేడికి లక్క కరగి కఱ్ఱకు పట్టుకొనును. పిదప మొగలియాకుతో రుద్దగా అద్దమువలె తళుకొత్తును. లక్క యనునది చెట్టుకొమ్మలపై బ్రదుకు చిన్నపురుగులు స్రవించు జిగురు. ఇచ్చట రంగు, కాపుదల, మెఱుగు అను మూడును ఒక్క పూతలోనే యిమిడియున్నవి. కారు కథలో ఈ మూడును క్రమముగా విడిపోయినవి.

తొలినాటి కార్లకు గుఱ్ఱపుబండ్ల పనివారే రంగు వేసిరి. నూనెరంగు, వార్నీషు పొరలను కుంచెతో వేయుట, ఆరనిచ్చుట, రుద్దుట, మరల వేయుట - ఇట్లు ఒక్క బండికి వారములు పట్టెడిది. హైదరాబాదు చౌమహల్లా ప్రాసాదములో నున్న నిజాము పసుపువన్నె రోల్స్ రాయిస్ 'సిల్వర్ ఘోస్టు' ఆ యుగమునకు చెందినదే. ఆఱవ నిజాము మహబూబ్ అలీఖాన్ దానిని కోరెను; 1911లో ఆయన గతించుటచే అది ఏడవ నిజాము ఉస్మాన్ అలీఖాన్‌కు దక్కెను. అట్టి కారును తుడుచుటకు సేవకులుండిరి. సామాన్యునికి ఆ చింతయే లేకుండెను, ఏలయన కారే లేదు.

వేలకొలది కార్లు చేయు కర్మాగారములకు ఈ ఆలస్యము పెద్ద అడ్డంకి యయ్యెను. 1914 మొదలు కొన్నియేండ్లు ఫోర్డు 'మోడల్ టి' కారు నల్లరంగులో మాత్రమే వచ్చెను. ఆ చిక్కును తీర్చినది అమెరికాలో డ్యూపాంట్ సంస్థవారి 'డ్యూకో'. ప్రత్తినారనుండి చేయు నైట్రోసెల్యులోజు దీనికి మూలము; తుపాకిమందునకు ఇది దగ్గఱి చుట్టమే. 1924 నాటి ఓక్లండు కార్లు ఈ రంగుతో వెలువడినవి. వారముల పని దినములలోనికి దిగెను, వన్నెలు పెరిగెను.

ఆ పేరు మన దేశములో ఎంతగా పాతుకొనెననగా, ఏ కంపెనీ రంగైనను కారుకు వేసినచో 'డ్యూకో' యనుట నేటికిని షెడ్లలో వాడుక. మఱియొక వింత: కారుకొఱకు పుట్టిన ఈ రంగు నిర్మల్ చిత్రకారుల పలకలపైకిని వచ్చెను. చింతగింజల జిగురుతో, రంపపుపొట్టుతో బొమ్మలు తీర్చిన వారసులే డ్యూకోతో నల్లని నేలపై బంగారు వన్నెలు పలికించిరి.

అయితే డ్యూకోకు ఒక లోపము కలదు. ఎండకు, గాలికి దాని పైపొర మాసి, సుద్దవలె తెల్లబారును. ఆ మాసిన పొరను గీకి తీయుటకు పాలిషు, తీసినపిమ్మట కప్పుటకు మైనము ఇంటింటి అవసరములైనవి. డ్యూకో పేరుతోనే పాలిషు డబ్బాలను గూడ అమ్మిరి. మైనములలో పేరెన్నిక గన్నది బ్రెజిలు దేశపు తాళజాతి వృక్షపు ఆకులనుండి వచ్చు కార్నూబా. తేనెమైనము సుమారు 63 డిగ్రీల సెంటీగ్రేడు వద్ద కరగగా, ఇది 80 డిగ్రీలు దాటినగాని కరగదు. మన వేసవిలో నల్లకారు కప్పుపై చేయి మోపినవారికి ఈ భేదము విలువ వేఱుగా చెప్పనక్కఱలేదు.

మేడిపల్లికి చేరువనే, తార్నాకలో, ఈ విద్యకు సంబంధించిన ప్రయోగశాల యొకటి కలదు. 1944లో హైదరాబాదు రాజ్యమున ఆరంభమై, 1956లో ప్రాంతీయ పరిశోధనాలయమై, పిదప భారతీయ రసాయన సాంకేతిక సంస్థగా పేరొందిన ఆ సంస్థలో నూనెలు, పూతలు ముఖ్యమైన పరిశోధనాంశములు. తెలంగాణ మెట్టపొలములలో పండు ఆముదము సహజముగా ఆరని నూనె. దాని అణువులనుండి నీటిని తొలగించినచో ఆరెడు నూనెయై రంగులకు పనికివచ్చును. మన చేలలోని గింజకును మెఱుగుపూతకును ఇంతటి చుట్టఱికము కలదు.

ఇప్పుడు అసలు విషయమునకు వత్తము. సుమారు 1980వ దశకమునుండి కార్లకు రంగుపొర వేఱుగా, దానిపై రంగులేని స్వచ్ఛపుపొర వేఱుగా వేయుట వ్యాపించెను. ఆ స్వచ్ఛపుపొర మందము సాధారణముగా 40, 50 మైక్రాన్లు. మన తలవెండ్రుకకంటెను పలుచన. ఎండనుండి రంగును కాచునది అదియే. పాలిషు చేయుటయన గీతల అంచులు చదునగువరకు ఆ పొరనే కొంత అరగదీయుట. కావున ఏటేట రుద్దించి సంతసించు గృహస్థు తన మూలధనమును తానే తినుచున్నాడు. పొర తెగినచో ఏ మైనమును దానిని మరల తేజాలదు. లప్పము, గరుకుకాగితము, షెడ్డు బిల్లు తప్పవు.

ఇంటిలో చేయువారికి క్రమమిది. నీడలో, లోహము చల్లబడిన పిదప, ధారాళమైన నీటితో ముందుగా దుమ్మును జార్చవలెను. పొడిగుడ్డతో దుమ్మును తుడుచుటయే గీతలకు తొలికారణము. సబ్బునీటికొక బకెట్టు, గుడ్డ జాడించుటకొక బకెట్టు ఉంచవలెను. బోరునీరు కారుపైనే ఆరినచో తెల్లని మచ్చలు మిగులును గాన వెంటనే మెత్తనిగుడ్డతో ఒత్తవలెను. దసరా ఆయుధపూజనాడు పెట్టిన పసుపుకుంకుమలను, పక్షిరెట్టలను పొడిగా రుద్దక నానబెట్టి కడుగవలెను. మందమైన గీతలున్నచోటనే, అదియు చిన్నభాగమున పరీక్షించి, పాలిషు వాడవలెను. ఆపై మైనమును పలుచగా పూసి, మసకబారినంతనే తుడువవలెను. మైనము కొన్ని వారములు, మించిన కొన్ని నెలలు నిలుచును.

సిరామిక్ పూతలు సిలికా కలిసినవి. గట్టిపడి, నీటిని జార్చి, మైనముకంటె ఎక్కువకాలము నిలుచును. కాని రాయి తగిలిన దెబ్బను ఆపలేవు. క్రింది గీతలను దాచవు సరికదా, అట్లే బిగించివేయును. పూసినది సకాలమున తుడువక గట్టిపడినచో మరల పాలిషు తప్పదు. అలవాటు లేని చేతికి మైనమే మంచి గురువు.

మెఱిపించుట వేఱు, కాచుట వేఱు. మొదటిది పొరను వ్యయముచేయును, రెండవది పొరపై మఱియొకటి చేర్చును. కడుగుట తఱచుగా, మైనము అప్పుడప్పుడు, పాలిషు అరుదుగా - ఈ వరుస తప్పనివారి కారు పొరుగువారి కంటికి కొంచెము తక్కువ తళుకుగా నుండవచ్చును గాని, పదియేండ్లకు సైతము తన రంగుతోనే నిలుచును.