విశ్వాసం – క్రియలు: రక్షణ సిద్ధాంతంలో పాత తగవు

మనిషి దేవుని ఎదుట నీతిమంతుడయ్యేది విశ్వాసం వల్లనా, సత్క్రియల వల్లనా అన్న చర్చకు మూలం కొత్త నిబంధనలోనే ఉంది. విచిత్రమేమంటే ఇరుపక్షాలకూ సాక్షి అబ్రాహామే. దేవుని మాట నమ్మినందుకే అతడు నీతిమంతుడయ్యాడని రోమీయులకు, గలతీయులకు రాసిన పత్రికల్లో పౌలు వాదించాడు. ఇస్సాకును బలిపీఠం మీద ఉంచినప్పుడు కదా ఆ విశ్వాసం పరిపూర్ణమైంది అంటుంది యాకోబు పత్రిక. నిజానికి ఇద్దరూ తలపడింది వేర్వేరు మనుషులతో. సున్నతి వంటి ధర్మశాస్త్ర విధులను యూదేతర విశ్వాసులపై మోపేవారిని పౌలు ఎదిరించాడు. ఆకలిగొన్న సహోదరుణ్ణి ఉత్త మాటలతో సాగనంపేవారిని యాకోబు మందలించాడు.

5వ శతాబ్దంలో, మనిషి తన సంకల్పబలంతో పాపం లేకుండా బతకగలడన్న పెలేజియస్ బోధను హిప్పో బిషప్ అగస్టీన్ ఖండించాడు. 418లో కార్తేజ్ సభ అగస్టీన్ వైపు నిలిచింది. విశ్వాసానికి తొలి అడుగు కూడా కృప వల్లనేనని 529లో ఆరెంజ్ సభ తీర్మానించింది.

అసలు తుపాను 1517లో రేగింది. రోమ్‌లో సెయింట్ పీటర్స్ బసిలికా నిర్మాణానికి డబ్బు కూడబెట్టేందుకు జర్మనీలో పాపశిక్షను తగ్గించే పత్రాలు అమ్ముతుంటే, విట్టెన్‌బర్గ్ ఆచార్యుడు మార్టిన్ లూథర్ 95 వాదాంశాలతో నిలదీశాడు. విశ్వాసం ఒక్కటే చాలన్నది క్రమంగా అతని ఉద్యమానికి ఆయువుపట్టయింది. 1522లో వెలువరించిన జర్మన్ కొత్త నిబంధనలో యాకోబు పత్రికను చివరి వరుసకు నెట్టాడు కూడా. అంతమాత్రాన సత్క్రియలు వద్దన్నాడనుకుంటే పొరపాటే. చెట్టు మంచిదైతే ఫలమూ మంచిదే అవుతుందని 1520లోనే ‘క్రైస్తవుని స్వేచ్ఛ’లో వివరించాడు.

కాథలిక్కులు క్రియలతోనే రక్షణ అంటారన్న ప్రచారమూ అంతే తప్పు. 1547 జనవరిలో ట్రెంట్ సభ, కృప లేకుండా సొంత క్రియలతో నీతిమంతులం కాగలమనేవారిని మొదటి శాసనంలోనే శపించింది. విశ్వాసం ఒక్కటే చాలనేవారినీ వదల్లేదు. కృప పొందినవాడి సత్క్రియలు అతని నీతిని పెంచుతాయా, లేక ఆ నీతికి ఫలాలు మాత్రమేనా? పేచీ అంతా ఇక్కడే. అంతకు ఆరేళ్ల ముందు రెగెన్స్‌బర్గ్‌లో ఇరుపక్షాల పండితులు ఈ అంశంపై ఒక ఒప్పందానికి వచ్చినా, అటు లూథర్, ఇటు రోమ్ దాన్ని అంగీకరించలేదు.

నాడు ఒకరిపై ఒకరు చేసుకున్న ఖండనలు ఈ అంశంపై ఇరువురి నేటి బోధకు వర్తించవని లూథరన్ ప్రపంచ సమాఖ్య, కాథలిక్ చర్చి 1999 అక్టోబర్ 31న ఆగ్స్‌బర్గ్‌లో ఉమ్మడి ప్రకటనపై సంతకాలు చేశాయి. గుంటూరు కేంద్రంగా నడిచే ఆంధ్ర ఇవాంజెలికల్ లూథరన్ చర్చి ఈ సమాఖ్యలో సభ్యసంఘం. 2006లో మెథడిస్టులు, 2017లో రిఫార్మ్‌డ్ సంఘాలు ఆ ప్రకటనలో చేరాయి. కాథలిక్కులకూ లూథరన్లకూ మధ్య ప్రభుభోజన సహవాసం మాత్రం ఇంకా కుదరలేదు.