గుఱ్ఱపుబండికి బ్రేకు వచ్చిన చరిత్ర

రథములను గూర్చిన ప్రాచీన కథలలో వేగమునకు దక్కిన ప్రశంస నిలుపుదలకు దక్కలేదు. భారతమున నలుడు బాహుకుడై ఋతుపర్ణుని రథము తోలుచుండగా రాజు ఉత్తరీయము జారి పడినది. రథ మాపుమని రాజు పలుకగా, ఆ వస్త్రము అప్పుడే యోజనము వెనుక నుండిపోయినదని బాహుకుడు బదులు చెప్పెను. ఆ రథము కొండలను సైతము పక్షివలె దాటిపోయెనని కథ. నేలమీద నడచు బండికి ఆ భాగ్యము లేదు. అది కొండ ఎక్కవలెను. ఎక్కిన తరువాత దిగవలెను. వందమణుగుల బరువుతో దిగు బండివానికి అశ్వహృదయ మొక్కటి తెలిసినంత మాత్రమున చాలదు.

లాగుటయందు గుఱ్ఱమునకు గల బలము వేఱు, ఆపుటయందు గల బలము వేఱు. ఎక్కుడుబాటలో అది భుజములను మెడపట్టెకు ఆనించి లాగును. దిగుడుబాటలో బండియే గుఱ్ఱమును తరుమును. లెక్క వేసి చూచినచో, పది అడుగులకు ఒక అడుగు చొప్పున దిగు వాలులో వందమణుగుల బండి ఇంచుమించు పదిమణుగుల బలముతో ముందుకు త్రోయును. మట్టిబాట పట్టుదల అందులో కొంత తగ్గించినను, మిగిలినదంతయు జంతువు ఓర్చుకొనవలసినదే. ఎద్దుబండి చెరువుకట్ట దిగునపుడు కాడి ముందుకు జారి కొమ్ముల మొదళ్లకు తగులుటయు, ఎద్దులు తలలెత్తి వెనుకకు మొగ్గుటయు పల్లెవారందఱు చూచినదే. నాలుగు చక్రముల గుఱ్ఱపుబండిలో ఆ త్రోపు బండికి దగ్గఱనున్న జతపైననే పడును. వాని పిఱ్ఱలను చుట్టివచ్చు తోలుపట్టె ఆధారముగ ఆ రెండు జంతువులు బండిని నిలువరింపవలెను. ముందు జతలు గొలుసులతో లాగునవే కాని వెనుకకు నెట్టి ఆపునవి కావు. కావున ఆరు గుఱ్ఱములు కట్టిన బండికి ఎక్కుటకు ఆరు, దిగుటకు రెండే. కొండదేశమున బండిలో ఎంత సరకు వేయవచ్చునన్నది ఎంత లాగగలమన్న దానిచేత కాక, ఎంత ఆపగలమన్న దానిచేతనే తీరుచుండెను. బండ్ల చరిత్ర వ్రాసినవారిలో పెక్కుమంది గుఱ్ఱముల జాతులకు ఇచ్చిన పుటలలో పదియవవంతైనను ఈ సంగతికి ఇయ్యకపోవుట వింత.

రోమనులకు ఈ చిక్కు తెలియును. క్రీ. శ. రెండవ శతాబ్దపు కవి జువెనల్, కాన్సలు పదవిలో నుండియు బండి తానే తోలుకొనుచు చక్రమునకు ఆపుడుకట్టు తానే బిగించుకొనిన ఒక ప్రభువును ఎగతాళి చేసెను. అది సేవకుల పని యని ఆ కవి భావము. కట్టు బిగింపకున్న ఆ ప్రభువు పదవితో సహా లోయలో పడునని ఆయనకు తోచినట్లు లేదు.

ఆ కాలమునుండి బహుశతాబ్దములు సాధనములు పెద్దగా మాఱలేదు. వెనుకచక్రపు ఆకును గొలుసుతో బండిచట్రమునకు కట్టివేయుట సులువైన పద్ధతి. చక్రము తిరుగక నేలపై జారును, బండి నెమ్మదించును. కాని ఇనుపపట్టా ఒక్కచోటనే అరిగి చదునగును, బాట నాగలితో దున్నినట్లగును. దీనికి విరుగుడుగా చక్రము క్రింద గొలుసు కట్టిన ఇనుపచెప్పు నొకదానిని వేయసాగిరి. చక్రము దానిపై ఎక్కి నిలుచును. అరుగుట చెప్పు వంతు. మంచు గడ్డకట్టిన బాటలో గొలుసును చక్రపు అంచునకే చుట్టి నేలను కఱచునట్లు చేయుదురు. వెనుకచక్రములనే పట్టుట యేలనన్న, ముందుచక్రములు మలుపులలో తిరుగవలసినవి. పైగా వెనుకభాగమును పట్టి యుంచినపుడు బండి అడ్డము తిరుగక తిన్నగ దిగును.

1784లో జాన్ పామర్ బ్రిస్టలు లండనుల నడుమ తపాలాబండ్లు నడిపించుటతో ఇంగ్లండున నిమిషములకు విలువ హెచ్చినది. పెద్ద దిగుడు వచ్చినప్పుడెల్ల నెత్తిన బండి ఆపి చెప్పు వేయవలెను. అడుగున మరల ఆపి తీయవలెను. రాపిడిచేత కాగిన ఆ ఇనుమును వట్టిచేతితో ముట్టరాదు. ఈ ఆలస్యమునకు ఓర్వలేక చెప్పు వేయకయే దిగిన తోలువారు ఉండిరి. బోల్తాపడిన బండ్లును ఉండెను. ఈ పాతసాధనములన్నిటికి లోప మొక్కటే. వాలు దిగుటకు ముందే నిర్ణయించుకొనవలెను. సగము దారిలో బండి పరువెత్తసాగిన పిమ్మట చక్రము క్రింద చెప్పు వేయుట ఎవరి తరము?

అమెరికాకు వలసపోయినవారికి ఈ ప్రశ్న మఱింత కఠినముగ ఎదురైనది. 1755లో బ్రాడక్ అను ఆంగ్లసేనాని ఫ్రెంచివారి కోటను పట్టుటకై పశ్చిమమున కొండలలోనికి సేనను నడపెను. పెన్సిల్వేనియా రైతులవద్దనుండి 150 బండ్లను, 259 మోతగుఱ్ఱములను బెంజమిన్ ఫ్రాంక్లిన్ రెండువారములలో సమకూర్చి పంపెను. లాగుటకు కావలసినదంతయు ఉన్నది. కాని మొదటి కొండ దాటుటలోనే మూడు బండ్లు ముక్కలయ్యెను, పెక్కు బండ్లు సడలిపోయెను. ఆ దండువెంట ఓడకళాసులు ముప్పదిమంది మోకులతో కప్పీలతో నడచుచుండిరి. సముద్రమునకు అంతదూరమున కళాసులకేమి పనియని అడుగవచ్చును. కఠినమైన చోట్ల బండ్లకు మోకులు కట్టి, ఓడలో సరకు దించినట్లు మెల్లమెల్లగ దింపుటయే వారి పని. బండిలో లేని బ్రేకునకు బదులుగ ముప్పదిమంది మనుష్యులను జీతమిచ్చి నడిపించుటయే అది.

ఆ పెన్సిల్వేనియాలోనే, లాంకాస్టరు ప్రాంతపు కానెస్టోగా లోయలో, జర్మనుజాతి రైతులును కమ్మరులును ఒక పెద్ద బండిని తీర్చిదిద్దిరి. నాలుగు మొదలు ఆరు గుఱ్ఱములు లాగు ఆ బండి అడుగుభాగము పడవవలె రెండుకొనల పైకి వంగియుండును. కొండ ఎక్కినను దిగినను సరకు ఒకవైపునకు జాఱకుండుటకే ఆ వంపు. బండివాడు లోపల కూర్చుండడు. ఎడమప్రక్క నడచును, లేదా ఎడమవైపు గుఱ్ఱము నెక్కును, లేదా ప్రక్కనుండి బయటకు లాగిన ఒక పలకపై కూర్చుండును. పందొమ్మిదవ శతాబ్దమున ఈ బండ్లకు వచ్చిన బ్రేకు ఈ అలవాటునుండియే రూపము దాల్చినది. ఎడమప్రక్క చేతి కందునట్లు ఒక పొడుగాటి మీటకఱ్ఱ. దానిని లాగినపుడు బండి క్రింద అడ్డముగనున్న దూలము మెలి తిరిగి, రెండు చెక్కదిమ్మెలను వెనుకచక్రముల అంచులకు అదుమును. మీటను పట్టియుంచుటకు ఒక గొలుసు. అంతియే.

చూచుటకు ఇంత స్వల్పమైన పరికరములో మూడు గుణములు చేరినవి. చక్రము పూర్తిగ కట్టువడక రాచుకొనుచు తిరుగును గనుక పట్టా ఒకచోట అరుగదు. వాలు హెచ్చిన గట్టిగ, తగ్గిన మెల్లగ నొక్కవచ్చును. ఇక ముఖ్యమైనది, బండి నడచుచుండగనే వేయవచ్చును, తీయవచ్చును. చెక్క త్వరగ అరుగుటచే బండివారు ఆ దిమ్మెలకు పాతతోలును, తెగిపోయిన బూట్ల అడుగులను మేకులతో కొట్టుకొనెడివారు. అరిగిన బూటు కాలిని విడిచి చక్రమునకు చేరెడిది. ఈ బ్రేకు ఏ యొక్కని పేరనో వెలసినది కాదు. దారిప్రక్క కమ్మరికొలుములలో కొంచెము కొంచెముగ తీరినది.

తరువాత దానిపై పేటెంట్లు పుట్టినవి. మీటయే అక్కఱలేని బ్రేకులు కొన్ని. దిగుడులో గుఱ్ఱములు వెనుకకు ఆగగానే నొగ వెనుకకు జరిగి తనంతట తానే దిమ్మెలను అదుమును. తెలివైన యుక్తియే. కాని బండిని వెనుకకు నడపవలసివచ్చినపుడును ఆ నొగ అట్లే నెట్టి చక్రములను పట్టివేయును! దానిని విడిపించుటకు మఱియొక కొక్కెము కావలసివచ్చెను. ఇట్టివానికంటె పాత మీటకఱ్ఱయే మేలు.

బ్రేకు పుట్టినంతనే అందఱకు అందలేదు. 1840 తరువాత ఆరెగాను దారి పట్టిన కుటుంబముల తేలికబండ్లలో అధికభాగమునకు అది లేదు. వానిని లాగినవి ఎక్కువగ ఎద్దులే. నెబ్రాస్కాలోని విండ్లాస్ కొండవద్ద వారు చక్రములకు గొలుసులు బిగించి, వెనుకనుండి మనుష్యులు మోకులు పట్టి దింపిరి. 1846లో తెరచిన బార్లో బాటలోని లారెల్ కొండవద్ద చెట్లను నఱికి బండ్ల వెనుక కట్టి ఈడ్పించిరి. మోకులను నిలువుచెట్లకు చుట్టి కొంచెము కొంచెముగ వదలిరి. భార్యాబిడ్డలు ప్రక్కన నడచుచు, ఇంటిసామగ్రి యంతయు ఒక మోకుమీద వ్రేలాడుట చూచుచుండిరి. మోకు తెగిన ఇంటిలో మఱేమియు మిగులదు.

ప్రయాణికుల బండ్లలో 1827 మొదలు న్యూహాంప్‌షైరులోని కాంకర్డు పట్టణమున తయారైనవి పేరుపొందినవి. వీనిలో బ్రేకు తోలువాని కాలిక్రిందికి వచ్చినది. ఆరు గుఱ్ఱముల పగ్గములు రెండుచేతుల నిండ నున్నవానికి మూడవచేయి లేదు గదా.

బ్రేకు ఎంత బరువును మోయించగలదో తేల్చినది కాలిఫోర్నియాలోని మృత్యులోయ. 1883 మొదలు 1889 వఱకు అక్కడినుండి వెలిగారపు సరకును 165 మైళ్ల దూరముననున్న మొహావే రైలుస్టేషనుకు పదిదినములలో చేర్చెడివారు. రెండు సరకుబండ్లు, వాని వెనుక 1,200 గ్యాలనుల నీటితొట్టి, ఒకదానికొకటి తగిలించి. మొత్తము బరువు ముప్పదియాఱు టన్నులకు పైమాట. వెనుకచక్రములు ఏడడుగుల ఎత్తు. ఇరువది కంచరగాడిదల జట్టని ప్రసిద్ధి. నిజమునకు పదునెనిమిది కంచరగాడిదలు, బండికి దగ్గఱ రెండు గుఱ్ఱములు. ఇంత భారమునకు మనుష్యులు ఇద్దఱే. దిగుడు వచ్చినపుడు తోలువాడు మొదటిబండి బ్రేకును త్రాటితో లాగును. సహాయకుడు వెనుకబండిపై నిలిచి దాని మీటను పట్టును. ఇద్దఱిలో ఏ యొక్కడు ఏమఱినను బండ్లు జంతువులమీదికి పోవును. పొడుగాటి దారిలో జీతము విషయమునను వంట విషయమునను వారికి పడకపోవచ్చును. వాలు నెత్తికి వచ్చిన పిమ్మట ఒకని ప్రాణము మఱియొకని చేతిలోని కఱ్ఱమీద ఉండెడిది.

ఆ బండ్లు ఇంకను నడచుచుండగనే, 1888 ఆగస్టులో జర్మనీయందు బెర్తా బెంజ్ తన కుమారు లిద్దఱిని వెంటబెట్టుకొని, భర్త కార్లు బెంజ్ నిర్మించిన మోటారుబండిలో మాన్‌హైమునుండి ఫోర్జ్‌హైమునకు బయలుదేరెను. నూఱు కిలోమీటర్లకు పైబడిన ఆ దారిలో కొండలు దిగునపుడు బండి బ్రేకుదిమ్మెలు అరిగిపోయినవి. గుఱ్ఱము లేదు గనుక ఆపుటకు వేఱు దిక్కు లేదు. ఆమె బౌష్లాట్ గ్రామమున బండి నిలిపి, ఒక చెప్పులు కుట్టువానిచేత ఆ దిమ్మెలకు తోలు కొట్టించి, ముందుకు సాగెను. మోటారు చరిత్రకారులు దానిని బ్రేకునకు తోలు వేసిన మొదటిసారిగ వ్రాసికొనుచున్నారు. పాతబూట్లు కొట్టుకొనిన బండివారిని వారు లెక్కలోనికి తీసికొనలేదు.