మగ్గం పక్కన టోపీ మిషన్

వార్షికోత్సవ సంచికకు నేత చరిత్ర ఏదైనా రాయమని అడిగినారు. మేము చదివింది ఎనిమిదో తరగతి. సంఘం లెక్కలు, మినిట్స్ రాసి అలవాటైన చెయ్యి ఇది. కుల పురాణం మన పెద్దలు ఇదివరకే చక్కగా రాసినారు. మేము మా హోసూరు పక్క జరిగిన ఒక చిన్న సంగతి, దాని వెనకాల ఉండే పెద్ద చరిత్ర రాస్తున్నాము. అల్లిక మిషన్ మీద టోపీ నేర్చుకున్న సంగతి అది.

హోసూరు, తళి పక్క చలి ఎట్లుంటుందో మీకు తెలుసు. దొరల కాలంలో ఈ సీమను లిటిల్ ఇంగ్లండ్ అనేవాళ్ళంట. మార్గశిరం వచ్చిందంటే తెల్లవారి మగ్గం గుంటలో కాళ్ళు పెట్టేదానికి మనసు రాదు. ముసలోళ్ళు కుళ్ళాయి లేకుండా వాకిట్లోకి రారు. ఊరికంతా బట్ట నేసిన మనం ఆ కుళ్ళాయిని మాత్రం సంతలో కొనుక్కున్నాము. ఎందుకంటే అది మన పని కాదనుకున్నాము. మనది పడుగు, పేక. అల్లికలో పడుగు లేదు. ఒకే దారం ఉచ్చులోంచి ఉచ్చు తీసుకుంటా పోతుంది. అందుకే అది సాగుతుంది, తలకు పట్టుకుంటుంది. నేసిన బట్ట అట్లా సాగదు, కత్తిరించి కుట్టాల్సిందే.

కొన్నేండ్ల కింద మా తమ్ముడి బిడ్డ సంఘానికి వచ్చింది. "పెదనాయనా, బెంగళూరులో పాత అల్లిక మిషన్ చవగ్గా దొరుకుతుందంట. సంఘమే కొని ఒక మూల పెట్టించండి. నేను నేర్చుకొని నలుగురికి నేర్పిస్తాను" అనింది. సిప్కాట్ వచ్చినాక మగపిల్లోళ్ళు ఫ్యాక్టరీలకు పోయినారు. ఆడబిడ్డలు చీకటితో బస్సెక్కి గార్మెంట్స్‌కు పోతున్నారు. ఇంటి దగ్గర చేసుకునే పని కావాలనేది ఆ బిడ్డ మాట. మేము ఒప్పుకోలేదు. "మిషన్ల వల్లనే మన మగ్గాలు పోయినాయి. మళ్ళా దాన్ని సంఘంలోకే తెస్తావా?" అన్నాము. మినిట్స్‌లో "తిరస్కరించడమైనది" అని రాసింది ఈ చెయ్యే.

ఆ బిడ్డ ఏమీ మాట్లాడకుండా వెళ్ళిపోయింది. ఆ మౌనం మమ్మల్ని వదల్లేదు. ఈ మిషన్ యాడనుంచి వచ్చిందని చదువుకున్నవాళ్ళను అడిగి తెలుసుకున్నాము.

ఇంగ్లండులో ఒక కాలంలో ఉన్ని టోపీలు చేత్తో అల్లి వేలమంది బతికినారు. ఫ్యాషన్ మారి వాళ్ళ టోపీలు అమ్ముడుపోలేదు. 1571లో అక్కడి ప్రభుత్వం ఒక చట్టం చేసింది. ఆరేండ్లు దాటినవాళ్ళు ఆదివారం, పండగ దినాల్లో ఇంగ్లండులో చేసిన ఉన్ని టోపీ పెట్టుకోవాలి, లేకుంటే జరిమానా. పెద్ద దొరలకు మాత్రం మినహాయింపు. 1597లో ఆ చట్టాన్ని రద్దు చేసినారు. చట్టం తల మీద టోపీ పెట్టించవచ్చు గానీ మనసుకు నచ్చించలేదు.

ఆ నడుమనే, 1589లో, నాటింగ్‌హామ్ దగ్గర కాల్వర్టన్‌లో విలియం లీ అనే ఆయన మేజోళ్ళు అల్లే మిషన్ చేసినాడు. చేత్తో అల్లే పేదల కూడు పోతుందని ఎలిజబెత్ రాణి దానికి పేటెంటు ఇయ్యలేదని చెప్పుకుంటారు. ఆయన ఫ్రాన్సుకు పోయి అక్కడే చనిపోయినాడు. అయినా మిషన్ ఆగలేదు. చివరికి నాటింగ్‌హామ్ సీమే ఆ పనికి పేరుపడింది.

1811లో అదే నాటింగ్‌హామ్ పక్క కార్మికులు రాత్రిళ్ళు మిషన్లు పగలగొట్టినారు. వాళ్ళు మిషన్ తెలియనివాళ్ళు కాదు, దాని మీదే బతికేవాళ్ళు. చానామందికి మిషన్ సొంతం కాదు, అద్దె కట్టాల. కూలి తగ్గించి, నాసిరకం సరుకు చేయించి, పేరు చెడగొడుతున్నారని వాళ్ళ కోపం. మరుసటి ఏడాది మిషన్ పగలగొడితే మరణశిక్ష అని చట్టం తెచ్చినారు.

ఇది విన్నాక మాకు మన కతే కనిపించింది. మనకూ 1985లో చేనేతకు రిజర్వేషన్ చట్టం వచ్చింది. మొదట 22 రకాలు మగ్గానికే అన్నారు, తర్వాత 11కు తగ్గించినారు. ఆ చట్టం వద్దని మేము అనము, గట్టిగా అమలు కావాలనే అంటాము. అయితే చట్టం ఒక్కటే చాలదు. పనిముట్టు ఎవరి చేతిలో ఉంది, సరుకు ఎవరు అమ్ముతున్నారు అనేదే అసలు సంగతి. 1935లో మద్రాసులో కో-ఆప్టెక్స్ పెట్టింది సంఘాల బట్ట అమ్మేదానికే కదా.

మళ్ళా మీటింగు పెట్టి పాత తీర్మానం మార్చినాము. మిషన్ సంఘం పేరుతోనే కొన్నాము. అరవై దాటిన మేమూ నేర్చుకునేదానికి కూర్చున్నాము. నాడె ఆడించిన చేతికి ఆ బండిని అటూ ఇటూ తోసేది కష్టం కాలేదు. లెక్క కూడా పన్నె లెక్క మాదిరే. ముందు చిన్న ముక్క అల్లి కొలవాల. మా దారానికి అంగుళానికి 5 ఉచ్చులు, 7 వరసలు వచ్చినాయి. తల చుట్టు 22 అంగుళాలైతే, సాగుతుంది కాబట్టి టోపీకి 20 చాలు. అంటే 100 సూదులు, కుట్టుకు ఇంకో రెండు. ఎత్తు 9 అంగుళాలు, 63 వరసలు. కడాన అన్ని ఉచ్చుల్లోంచి దారం తీసి బిగలాగి, పక్క కుట్టేస్తే టోపీ.

మా మొదటి టోపీ చెడిపోయింది. బరువు కట్టేది మరిచినాము, ఒక ఉచ్చు జారి కిందిదాకా నిచ్చెన మాదిరి విడిపోయింది. మగ్గం మీద ఒక పోగు తెగితే ముడేసుకుంటాము. ఇక్కడ ఒకటి జారితే దాని కిందివన్నీ జారతాయి. ఆ బిడ్డ నవ్వి, కొక్కీతో ఒక్కో ఉచ్చూ ఎత్తి సరిచేసింది. "మగ్గం తీసెయ్యమని నేను యాడ అడిగినాను పెదనాయనా, పక్కన చోటే కదా అడిగింది" అనింది. మాకు జవాబు లేదు.

ఇప్పుడు మా సంఘం రూములో మగ్గం సద్దు, మిషన్ సద్దు రెండూ వినిపిస్తాయి. మగ్గం మన తల్లి, దాన్ని వదలొద్దు. మీ బిడ్డలు కొత్త పని నేర్చుకుంటామని వస్తే మా మాదిరి మొదటి దినమే కాదని రాయొద్దండి. ఆ పనిముట్టు మన సంఘం చేతిలో ఉండేటట్టు చూసుకోండి. తప్పులుంటే పెద్దమనసుతో మన్నించండి.