ముందు గాదె, తర్వాతే గోడ

ఫాంటసీ గేముకి కోట ఊరు డిజైన్ చేయమంటే మనం ముందు గోడ గీస్తాం, నాలుగు బురుజులు పెడతాం, అయిపోయిందంటాం. నేనూ అంతే. మరి ముట్టడి నెల్లాళ్ళు సాగితే లోపలి జనం ఏం తింటారు, ఎక్కడ పడుకుంటారు?

రుమేనియాలోని ప్రెజ్‌మెర్ ఊళ్ళో సాక్సన్ రైతులు ఈ లెక్క ఎప్పుడో తేల్చేశారు. 15వ శతాబ్దంలో ఒట్టోమన్ దాడుల భయంతో చర్చి చుట్టూ సుమారు 12 మీటర్ల ఎత్తు గోడ కట్టారు. దాని లోపలివైపు అంతస్తులుగా 270కి పైగా గదులు, కుటుంబానికొకటి! మామూలు రోజుల్లో ధాన్యం కొట్టు, దాడి జరిగితే అదే కాపురం. పిల్లలకి బడి కూడా లోపలే. 1999లో యునెస్కో దీన్ని ప్రపంచ వారసత్వ జాబితాలో చేర్చింది.

అది రాజుగారి కోట కాదండీ, ఊరి కోట. అందుకే ఇప్పుడు నా మ్యాపులో మొదటి గీత గాదెది. ఎన్ని గడపలో తేలాకే గోడ. మరి మీరైతే ముందు ఏం గీస్తారు?