కల్వకుర్తి నుంచి డీఎంఆర్: హామ్ రేడియోలో డిజిటల్ బాట పట్టేదెలా?

కల్వకుర్తి మీదుగా శ్రీశైలం పోయే వాళ్లందరికీ అనుభవమే. మన్ననూరు చెక్‌పోస్టు దాటి నల్లమల అడవిలోకి పోయాక సెల్‌ఫోన్‌లో సిగ్నల్ గీతలు ఒక్కొక్కటిగా తగ్గిపోతాయి. చెంచు పెంటల సంగతి చెప్పనక్కర్లేదు. టవర్ అందని చోట మామూలు జనం ప్రభుత్వ లైసెన్సుతో మాట్లాడుకునే దారి ఒకటుంది. అదే అమెచ్యూర్ రేడియో, అందరూ పిలిచే పేరు హామ్ రేడియో. ఇప్పుడు కొత్తగా ఇందులోకి వచ్చే కుర్రాళ్లు ఎక్కువగా అడుగుతున్నది డీఎంఆర్ గురించి. అంటే డిజిటల్ మొబైల్ రేడియో.

అరచేతిలో పట్టే సెట్టుతో అమెరికా, ఇండోనేషియా వాళ్లతో మాట్లాడొచ్చని వినేసరికి ఎవరికైనా సరదా పుడుతుంది. అది నిజమే. కానీ కల్వకుర్తి లాంటి ఊళ్లో ఆ మాట అంతదూరం పోయేది ఇంటర్నెట్ మీద. నెట్ ఉన్నప్పుడు డీఎంఆర్ ఎలా వాడాలో, అది పోయిన రోజు అదే సెట్టుతో ఏం చేయాలో, రెండూ తెలిసుండాలి. చాలామంది మొదటిది నేర్చుకుని ఆగిపోతున్నారు.

కాలువ నీళ్ల వారబందీ లాంటిదే

డీఎంఆర్ పుట్టింది హామ్‌ల కోసం కాదు. ఫ్యాక్టరీలు, ట్యాక్సీ కంపెనీలు, సెక్యూరిటీ సిబ్బంది వాడే వాకీటాకీల కోసం యూరప్ ప్రమాణాల సంస్థ ఎట్సీ 2005లో దీన్ని ప్రకటించింది. హామ్‌లు తర్వాత దాన్ని తమ బ్యాండ్లలోకి తెచ్చుకున్నారు. అందుకే ఈ సెట్లలో మెనూలు, పేర్లు అన్నీ కంపెనీ వాడకానికి తగ్గట్టు ఉంటాయి. కొత్తవాళ్లకు తికమక మొదలయ్యేది అక్కడే.

పాత ఎఫ్ఎం వాకీటాకీలో ఒక ఫ్రీక్వెన్సీ మీద ఒకసారి ఒక సంభాషణే నడుస్తుంది. డీఎంఆర్‌లో 12.5 కిలోహెర్ట్జ్ వెడల్పున్న ఒకే చానల్‌లో రెండు సంభాషణలు నడుస్తాయి. ఎలాగంటే, కాలువ కింద రైతులు నీళ్లను వారబందీ పద్ధతిలో పంచుకున్నట్టు. కాలువ ఒక్కటే, నీళ్లు పారేది వంతులవారీగా. ఇక్కడ ఒక్కో వంతు 30 మిల్లీసెకన్లు. మొదటి వంతు ఒకరిది, రెండో వంతు ఇంకొకరిది, మళ్లీ మొదటివారిది. ఈ వంతునే టైమ్ స్లాట్ అంటారు. సెకనుకు ముప్పై సార్లకు పైగా వంతులు మారిపోతుంటాయి కాబట్టి చెవికి అది తెలియదు, మాట ఆగకుండా వినిపిస్తుంది. ఇంకో లాభం ఏమిటంటే, సెట్టు సగం సమయమే ప్రసారం చేస్తుంది కాబట్టి బ్యాటరీ కొంచెం ఎక్కువసేపు వస్తుంది.

గొంతును అంకెలుగా మార్చే పని వోకోడర్ అనే భాగానిది. డీఎంఆర్‌లో వాడే ఏంబీ ప్లస్ టూ వోకోడర్ ఒక అమెరికా కంపెనీది. సొంతంగా సెట్టు కట్టుకునే హామ్‌లకు ఇది మింగుడుపడని విషయం. హైదరాబాద్‌కు చెందిన అశ్హర్ ఫర్హాన్ బిటెక్స్ అనే సెట్టు డిజైన్ చేసి, దాని సర్క్యూట్ అందరికీ ఉచితంగా ఇచ్చేశారు. మామూలు ట్రాన్సిస్టర్లతో దాన్ని ప్రపంచమంతా ఎందరో ఇంట్లో కూర్చుని కట్టుకున్నారు. డీఎంఆర్ సెట్టును అలా కట్టుకోవడం కుదరదు, కొనుక్కోవాల్సిందే. ఈ విషయంలో పాత పద్ధతే మేలు.

హైదరాబాద్ ఎందుకు అందదు?

వీహెచ్ఎఫ్, యూహెచ్ఎఫ్ తరంగాలు దాదాపు చూపు మేరకే పోతాయి. ఆంటెనా ఎత్తు మీటర్లలో ఎంతో దాని వర్గమూలాన్ని 4.12తో హెచ్చిస్తే అది ఎన్ని కిలోమీటర్ల దూరం చూడగలదో సుమారుగా తెలుస్తుంది. ఇది గుట్టలు లేని చదును నేలకు వేసే లెక్క. మనిషి చేతిలోని సెట్టు మీటరున్నర ఎత్తులో ఉంటే 5 కిలోమీటర్లు. డాబా మీద పైపు పాతి 15 మీటర్ల ఎత్తున ఆంటెనా పెడితే 16 కిలోమీటర్లు. అవతల రిపీటర్ ఆంటెనా 100 మీటర్ల ఎత్తున ఉందనుకుంటే దానికి 41. రెండూ కలిపితే 57. హైదరాబాద్ కల్వకుర్తికి దాదాపు 80 కిలోమీటర్లు. లెక్క తేలడం లేదు కదా! సెట్టు పవర్ పెంచినా పెద్దగా ఉపయోగం ఉండదు, ఎందుకంటే అడ్డం వచ్చేది భూమి వంపు.

అందుకే నగరానికి దూరంగా ఉన్నవాళ్లు ఎక్కువగా హాట్‌స్పాట్ మీద ఆధారపడతారు. ఇది అరచేతిలో పట్టే చిన్న పెట్టె. లోపల రాస్ప్‌బెర్రీ పై అనే చిన్న కంప్యూటర్, దాని మీద ఎంఎండీవీఎం అనే రేడియో బోర్డు ఉంటాయి. దానికి పై-స్టార్ లాంటి ఉచిత సాఫ్ట్‌వేర్ ఎక్కిస్తారు. దీని ప్రసార శక్తి 10 మిల్లీవాట్లు మాత్రమే, ఇల్లు దాటితే గొప్ప. చేతిలో సెట్టు మాట్లాడితే హాట్‌స్పాట్ అందుకుని వైఫై ద్వారా ఇంటర్నెట్‌లోకి, అక్కడి నుంచి బ్రాండ్‌మీస్టర్ లాంటి నెట్‌వర్క్‌లోకి పంపిస్తుంది. డేటా ఖర్చు గురించి భయం అక్కర్లేదు. గంటసేపు ఆపకుండా మాట్లాడినా 10 ఎంబీ దాటదు. ఫోన్ నుంచి నెట్ పంచుకున్నా నడుస్తుంది.

హాట్‌స్పాట్‌కు ఫ్రీక్వెన్సీ ఎంచుకునేటప్పుడు మనవాళ్లు చేసే పొరపాటు ఒకటుంది. వీడియోల్లో విదేశీయులు చెప్పిన 433 మెగాహెర్ట్జ్ అంకెను అలాగే కొట్టేస్తారు. మన దేశంలో ఈ బ్యాండులో హామ్‌లకు ఇచ్చింది 434 నుంచి 438 మెగాహెర్ట్జ్ వరకే. అందులోనూ 435 నుంచి 438 వరకు అమెచ్యూర్ ఉపగ్రహాలకు వాడే భాగం. దాన్ని వదిలేసి 434, 435 మధ్యలో ఖాళీ చోటు చూసుకోవడం పద్ధతి.

కోడ్‌ప్లగ్: అసలు చదువు ఇక్కడే

డీఎంఆర్ సెట్టు కొన్న మొదటి రోజు చాలామంది నిరుత్సాహపడతారు. పీటీటీ నొక్కితే ఎర్ర లైటు వెలుగుతుంది, ఎవరూ పలకరు. సెట్టు పాడైందేమో అనుకుంటారు. పాడవలేదు, దానికి ఏం చేయాలో ఎవరూ చెప్పలేదు, అంతే. ఆ చెప్పే ఫైలు పేరే కోడ్‌ప్లగ్. దాన్ని కంప్యూటర్‌లో తయారు చేసి కేబుల్‌తో సెట్టులోకి ఎక్కించాలి.

దానికంటే ముందు ఐడీ కావాలి. లైసెన్సు కాపీ చూపించి రేడియోఐడీ వెబ్‌సైటులో ఉచితంగా తీసుకోవచ్చు. ఏడంకెల నంబర్ వస్తుంది. మన దేశానికి ఇచ్చేవి 404తో మొదలవుతాయి. ఆ తర్వాత బ్రాండ్‌మీస్టర్‌లో ఖాతా తెరిచి హాట్‌స్పాట్‌కు ఒక పాస్‌వర్డ్ పెట్టుకోవాలి. సెట్టులోనూ, హాట్‌స్పాట్‌లోనూ ఐడీ సరిగ్గా పడకపోతే నెట్‌వర్క్ లోపలికి రానివ్వదు.

కోడ్‌ప్లగ్‌లో ఒక్కో చానల్‌కు ఫ్రీక్వెన్సీతో పాటు మూడు విషయాలు సరిపోవాలి. మొదటిది కలర్ కోడ్. పేరులో రంగు ఉంది గానీ అది 0 నుంచి 15 వరకు ఒక అంకె. తాళంచెవి లాంటిది అనుకోవచ్చు. సెట్టులో 1, హాట్‌స్పాట్‌లో 3 ఉంటే లైటు వెలుగుతుంది, మాట మాత్రం రాదు. రెండోది టైమ్ స్లాట్. మామూలు హాట్‌స్పాట్లకు రెండో స్లాట్ పెడతారు. మూడోది టాక్‌గ్రూప్, అంటే మాట ఏ గుంపుకు పోవాలో చెప్పే నంబర్. బ్రాండ్‌మీస్టర్‌లో 91 ప్రపంచమంతటికీ, 404 ఇండియాకు.

ఇవి కుదిరాక కూడా ఒక చిక్కు మిగులుతుంది. అవతలివాళ్లు మాట్లాడుతున్నట్టు హాట్‌స్పాట్ స్క్రీన్ మీద కనిపిస్తుంది, సెట్టులో చప్పుడు ఉండదు. ఏ ఏ టాక్‌గ్రూపులు వినాలో చెప్పే రిసీవ్ గ్రూప్ లిస్టులో ఆ నంబర్ చేర్చకపోవడమే ఎక్కువసార్లు కారణం. డిజిటల్ మానిటర్ అనే సెట్టింగు ఉన్న సెట్లలో దాన్ని ఆన్ చేస్తే అన్నీ వినిపిస్తాయి, లోపం ఎక్కడుందో పట్టుకోవచ్చు.

ఎవరో తయారు చేసిన కోడ్‌ప్లగ్ వాట్సాప్‌లో తెచ్చుకుని ఎక్కించేయడం సులువే. పని కూడా జరుగుతుంది. కానీ అందులో వేరే ఊరి ఫ్రీక్వెన్సీలు, ఒక్కోసారి వేరేవాళ్ల ఐడీ కూడా ఉంటాయి. నాలుగు చానళ్లతో సొంతంగా ఒకటి కట్టుకుంటే ఒక ఆదివారం పోతుంది, ఆ తర్వాత ఏ కంపెనీ సెట్టు చేతికిచ్చినా భయం ఉండదు.

మొదటి పరీక్ష మనుషులతో కాకుండా చిలకతో చేయాలి. 9990 నంబర్‌కు ప్రైవేట్ కాల్ చేసి నాలుగు మాటలు మాట్లాడి పీటీటీ వదిలితే, ఆ మాటలే తిరిగి వినిపిస్తాయి. దీని పేరే పారట్. గొంతు రోబో పలికినట్టు ముక్కలై వస్తే హాట్‌స్పాట్ ఫ్రీక్వెన్సీ కాస్త అటూ ఇటూ జరపాలి. ఎఫ్ఎంలో సిగ్నల్ తగ్గేకొద్దీ గరగర పెరుగుతుంది గానీ మాట కొంత అర్థమవుతుంది. డిజిటల్‌లో అలా కాదు, బాగుంటే అద్దంలా ఉంటుంది, లేదంటే ఒక్కసారిగా తెగిపోతుంది.

పెద్ద టాక్‌గ్రూపులో మాట్లాడేటప్పుడు ఇద్దరి మాటల మధ్య రెండు సెకన్లు ఖాళీ వదలాలి. ఆ సందులోనే ఇంకొకరు రాగలరు. హైదరాబాదీ ‘పహలే ఆప్’ మర్యాద ఇక్కడ బాగా పనికొస్తుంది.

లైసెన్సు లేకుండా సెట్టు కొనొద్దు

లైసెన్సు లేకుండా ట్రాన్స్‌మిటర్ దగ్గర పెట్టుకోవడమే నేరం. మాట్లాడకుండా వింటున్నానంటే కుదరదు. ఆన్‌లైన్‌లో వాకీటాకీలు ఇష్టం వచ్చినట్టు అమ్ముతున్నారని కేంద్ర వినియోగదారుల రక్షణ ప్రాధికార సంస్థ 2025 మేలో ఈ-కామర్స్ సైట్లకు నోటీసులు కూడా ఇచ్చింది. ఊరికే వినాలనుకునేవాళ్లకు బ్రాండ్‌మీస్టర్ హోస్‌లైన్ ఉంది. ఫోన్ బ్రౌజర్‌లో తెరిస్తే చాలు, దేశదేశాల సంభాషణలు వినొచ్చు. దానికి సెట్టూ అక్కర్లేదు, లైసెన్సూ అక్కర్లేదు.

లైసెన్సు కోసం కేంద్ర టెలికాం శాఖ పరీక్ష రాయాలి. దరఖాస్తు సరళ్ సంచార్ పోర్టల్‌లో పెట్టుకోవాలి. 12 ఏళ్లు నిండితే చాలు. ప్రశ్నలు రేడియో సిద్ధాంతం మీద కొన్ని, నిబంధనల మీద కొన్ని. ఇంటర్‌లో ఫిజిక్స్ చదివినవాళ్లకు మొదటి భాగం కొత్తేమీ కాదు. రిస్ట్రిక్టెడ్ గ్రేడుకు మోర్స్ కోడ్ రానక్కర్లేదు, జనరల్ గ్రేడుకు నిమిషానికి 8 పదాల వేగంతో రావాలి. పాసైతే కాల్‌సైన్ రిస్ట్రిక్టెడ్‌కు వీయూ3తో, జనరల్‌కు వీయూ2తో మొదలవుతుంది. హైదరాబాద్‌లో 1983లో ఏర్పడిన నేషనల్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ అమెచ్యూర్ రేడియో ఎందరినో ఈ పరీక్షకు తయారు చేసింది.

లైసెన్సు చేతికొచ్చాక అందులో ఏ ఏ ఎమిషన్ రకాలకు అనుమతి ఉందో చదివి, డిజిటల్ వాయిస్ దానిలోకి వస్తుందని ఖాయం చేసుకున్నాకే డీఎంఆర్ మొదలుపెట్టాలి. సొంత రిపీటర్ పెట్టాలంటే విడిగా అనుమతి కావాలి. ఈ సెట్లలో ఎన్‌క్రిప్షన్ అనే సెట్టింగు కూడా ఉంటుంది, ఇది కంపెనీల కోసం పెట్టింది. హామ్‌లు దాన్ని ముట్టుకోకూడదు. అర్థం దాచేలా మాట్లాడకూడదని అంతర్జాతీయ రేడియో నిబంధనలే చెబుతున్నాయి. వ్యాపారం మాటలు కూడా పనికిరావు. పత్తి రేటు, లారీ లోడు సంగతి ఫోన్‌లోనే మాట్లాడుకోవాలి.

నెట్ పోయిన రోజు

2009 అక్టోబర్ మొదటివారంలో కృష్ణ, తుంగభద్ర పొంగి కర్నూలు నగరంతో పాటు ఇటువైపు అలంపూర్ మునిగిపోవడం ఈ ప్రాంతం ఇంకా మరచిపోలేదు. అంతటి వరదలో ముందు కరెంటు పోతుంది, కొన్ని గంటలకు సెల్ టవర్ల బ్యాటరీలు అయిపోతాయి. ఇంట్లో వైఫై ఎప్పుడో ఆగిపోయి ఉంటుంది. అలాంటి రోజున హాట్‌స్పాట్ ఉత్త డబ్బా.

2004 డిసెంబర్ 26న సునామీ వచ్చినప్పుడు హైదరాబాద్ సంస్థకు చెందిన భారతీ ప్రసాద్ బృందం పోర్ట్‌బ్లెయిర్‌లోనే ఉంది. హామ్ రేడియో కార్యక్రమం కోసం వాళ్లు ముందే అక్కడికి వెళ్లారు. ఫోన్లు తెగిపోయిన అండమాన్ నుంచి వాళ్ల సెట్ల ద్వారా ప్రధాన భూభాగానికి సమాచారం చేరింది. ఆ సెట్లు నేరుగా ఆకాశం మీదుగా దూరం పోయే హెచ్ఎఫ్ సెట్లు, మధ్యలో ఏ సర్వరూ లేదు.

డీఎంఆర్ చేతి సెట్టు ఆ పని చేయలేదు. కానీ సింప్లెక్స్ పద్ధతిలో, అంటే రిపీటర్, హాట్‌స్పాట్ లేకుండా సెట్టు నుంచి సెట్టుకు నేరుగా మాట్లాడగలదు. దీనికి కోడ్‌ప్లగ్‌లో ముందే చానల్ పెట్టుకోవాలి, అందరికీ ఒకే ఫ్రీక్వెన్సీ, ఒకే కలర్ కోడ్, ఒకే టాక్‌గ్రూప్ ఉండాలి. ఇద్దరి చేతి సెట్ల మధ్య ఊళ్లో రెండు మూడు కిలోమీటర్లు వస్తే మంచిదే. 15 మీటర్ల ఎత్తున్న రెండు డాబా ఆంటెనాల మధ్య పై లెక్క ప్రకారం 32 కిలోమీటర్ల దాకా ఆశ పెట్టుకోవచ్చు, మధ్యలో గుట్ట అడ్డం రాకపోతే. అచ్చంపేట వైపు మాట పోవాలంటే ఎత్తైన చోట ఒక హామ్ కూర్చుని ఒకరి మాట ఇంకొకరికి అందించాలి. పాత రోజుల్లో రిలే అని చేసింది అదే.

దాంతోపాటు 144 నుంచి 146 మెగాహెర్ట్జ్ బ్యాండులో మామూలు ఎఫ్ఎం చానల్ ఒకటి కోడ్‌ప్లగ్‌లో ఉంచుకోవాలి. డీఎంఆర్ సెట్లలో చాలావరకు ఎఫ్ఎం కూడా ఉంటుంది, కొనేటప్పుడు రెండు బ్యాండ్లూ ఉన్నదే చూసుకోవాలి. ఆపదలో పక్క ఊరి హామ్ దగ్గర ఇరవై ఏళ్లనాటి ఎఫ్ఎం సెట్టే ఉండొచ్చు, అతనికి టాక్‌గ్రూప్ నంబర్ చెప్పి లాభం లేదు. ఊళ్లో ఇద్దరు ముగ్గురు హామ్‌లు ఉంటే నెలకోసారి రౌటర్ ఆపేసి, సింప్లెక్స్ మీద ఒకరినొకరు పిలిచి చూసుకోవాలి. ఎవరి డాబా నుంచి ఎంతదూరం వినిపించిందో నోట్‌బుక్‌లో రాసుకుంటే, వానాకాలం వచ్చేసరికి ఏ ఊరికి ఎవరి ద్వారా మాట చేరుతుందో తేలిపోతుంది.