సైనిక స్థావర ప్రవేశ స్టిక్కర్: మోటారు సైకిల్‌పై ఎక్కడ అతికించాలి?

రంగత్: త్రివిధ దళాల ఉమ్మడి అండమాన్ నికోబార్ కమాండ్ 2001లో ఏర్పడింది. దాని ప్రధాన కేంద్రం రంగత్‌కు రోడ్డు మార్గాన సుమారు 170 కిలోమీటర్ల దూరంలోని శ్రీ విజయపురం, అనగా పూర్వపు పోర్ట్ బ్లెయిర్‌లో ఉంది. పనుల నిమిత్తం సైనిక స్థావరాలకు వెళ్లే ద్విచక్ర వాహనదారులు ఈ అంశాలను గమనించాలి.

పాసు జారీ చేసిన కార్యాలయం సూచించిన చోటే స్టిక్కర్‌ను అతికించాలి. ప్రత్యేక సూచన లేనప్పుడు, గేటు వద్ద కాపలా సిబ్బందికి ఎదురుగా కనిపించే హెడ్‌లైట్ వైజర్ అనువైన చోటు. నంబర్ ప్లేటు, హెడ్‌లైట్, ఇండికేటర్లు, అద్దాలపై అతికించరాదు. ఉప్పుగాలి మరకలను తుడిచి, తడి ఆరిన తరువాతే అంటించాలి.

స్టిక్కర్ ఉన్నంత మాత్రాన ప్రవేశం లభించదు. పాసు, గుర్తింపు కార్డు వెంట ఉండాలి. బండి అమ్మే ముందు స్టిక్కర్‌ను తప్పక తొలగించాలి. లేనిచో మీకిచ్చిన అనుమతి చిహ్నం అపరిచితుల చేతికి చేరుతుంది.