బెజవాడ జెండా: ఆకరాల పరిశీలన

జాతీయ పతాక చరిత్రలో 1921 నాటి బెజవాడ ఘట్టానికి తెలుగువారు ఇచ్చే స్థానం ప్రత్యేకమైనది. అఖిల భారత కాంగ్రెస్ సంఘం సమావేశాలలో ఒక ఆంధ్ర యువకుడు ఎరుపు, ఆకుపచ్చ రంగుల జెండాను గాంధీజీకి సమర్పించాడనీ, దానికి తెలుపు పట్టీని, రాట్నాన్ని చేర్చవలసిందిగా గాంధీజీ సూచించారనీ, సంఘం దానిని ఆమోదించిందనీ బహుళ ప్రచారంలో ఉన్న కథనం. సమకాలిక ఆకరంతో పోల్చినప్పుడు ఈ కథనం చాలాచోట్ల నిలవదు.

ఆ ఆకరం 1921 ఏప్రిల్ 13 నాటి ‘యంగ్ ఇండియా’లో జాతీయ పతాకం గురించి గాంధీజీ రాసిన వ్యాసం. బెజవాడ సమావేశాలు మార్చి 31, ఏప్రిల్ 1 తేదీలలో జరిగాయి. అంటే రెండు వారాలు గడవకముందే, ఆ ఘట్టంలో స్వయంగా పాలుపంచుకున్న వ్యక్తి రాసిన సాక్ష్యమిది. తరువాతి కాలపు జ్ఞాపకాలకు, జీవిత చరిత్రలకు ఇంతటి ప్రామాణ్యం ఉండదు.

ఆ వ్యాసం ప్రకారం రాట్నం తరువాత చేర్చినది కాదు. స్వరాజ్య పతాకంపై రాట్నం ఉండాలన్న ఆలోచన జలంధరుకు చెందిన లాలా హంసరాజ్‌ది. ఎరుపు, ఆకుపచ్చ నేపథ్యంపై రాట్నం గల నమూనా కావాలని పింగళి వెంకయ్యను బెజవాడలో అడిగినవారు గాంధీజీయే. వెంకయ్య మూడు గంటలలో జెండాను సిద్ధం చేసి ఇచ్చారు. అయినా సంఘం ముందుంచడానికి కొద్దిగా ఆలస్యమైంది. కాబట్టి బెజవాడలో ఆ జెండాను సంఘం ఆమోదించిందన్న మాటకు ఈ ఆకరంలో తావు లేదు. ఆ ఆలస్యమే మేలయిందని గాంధీజీ భావించారు. తీరికగా ఆలోచించిన మీదట, హిందూ ముస్లిములతో పాటు ఇతర మతాలకూ జెండాలో చోటుండాలని ఆయనకు తోచింది. తెలుపు అలా వచ్చింది. పైన తెలుపు, నడుమ ఆకుపచ్చ, అడుగున ఎరుపు, మూడూ సమానంగా ఉండాలన్నది ఆయన ప్రతిపాదన. సంఖ్యలో తక్కువగా ఉన్నవారికి మొదటి స్థానం, బలవంతులు వారికి రక్షణగా నిలవాలన్నది ఆ క్రమానికి ఆయన చెప్పిన అర్థం.

‘యువకుడు’ అన్న మాట సంగతీ ఇంతే. అప్పటికే వెంకయ్య నలభై ఏళ్లు దాటినవారు, బందరులోని ఆంధ్ర జాతీయ కళాశాలకు చెందినవారు. 1916లోనే జాతీయ పతాకంపై పుస్తకం ప్రకటించారు. ఇతర దేశాల జెండాలను వివరిస్తూ భారతదేశానికి నమూనాలను సూచించిన పుస్తకమది. ఎవరో తెలియని కుర్రవాడు అనుకోకుండా ఒక గుడ్డతో వచ్చాడన్న చిత్రణ ఈ కృషినంతా తుడిచివేస్తుంది.

అయితే తెలుగు రచనలు సాధారణంగా దాటవేసే భాగం ఒకటి ఇదే వ్యాసంలో ఉంది. నాలుగేళ్లుగా ప్రతి కాంగ్రెస్ మహాసభలోనూ పతాకం కోసం వెంకయ్య పట్టిన పట్టుదలను గాంధీజీ మెచ్చుకున్నారు కాని, ఆయన నమూనాలు తనను కదిలించలేదని నిర్మొహమాటంగా రాశారు. వెంకయ్య కీర్తికి భంగమని దీనిని మరుగుపరచడం సరికాదు. పొగడడానికి పూనుకోని సాక్షి చెప్పిన మాట కనుకనే, మూడు గంటల జెండా వెంకయ్య చేతి పని అన్న వాక్యానికి బలం చేకూరుతున్నది. మెప్పును ఉంచుకొని విమర్శను వదిలివేస్తే ఆకరం విలువే తగ్గుతుంది.

ఈ మూడు రంగుల రాట్నపు జెండా తీర్మానం కోసం వేచి ఉండకుండానే ప్రజలలోకి వెళ్లింది. 1923లో నాగపూరులో జెండా సత్యాగ్రహం జరిగింది. రంగులకు మతపరమైన అర్థం చెప్పడంపై అభ్యంతరాలు రాగా, 1931లో కాంగ్రెస్ కార్యవర్గం ఏడుగురితో పతాక సంఘాన్ని నియమించింది. దాని సంచాలకులు భోగరాజు పట్టాభి సీతారామయ్య. ఆయనదీ బందరే, ఆంధ్ర జాతీయ కళాశాల స్థాపకులలో ఆయన ఒకరు. ఆ సంఘం మూడు రంగులనూ వదలి, ఒకే కాషాయ వర్ణంపై రాట్నం ఉండాలని సిఫారసు చేసింది. ఒక బందరు వాసి తొలి రూపమిచ్చిన జెండాను మార్చమన్న సంఘాన్ని మరొక బందరు వాసి నడిపారన్న సంగతి తెలుగు చరిత్ర రచనలో తగినంతగా చర్చకు రాలేదు. ఆ సిఫారసును అఖిల భారత కాంగ్రెస్ సంఘం అంగీకరించలేదు. అదే ఏడాది ఆగస్టులో బొంబాయిలో కాషాయం, తెలుపు, ఆకుపచ్చ పట్టీల నడుమ నీలి రాట్నం గల జెండాను స్వీకరించి, రంగులకు మతపరమైన అర్థం లేదని స్పష్టం చేసింది. 1947 జులై 22న రాజ్యాంగ సభ రాట్నం స్థానంలో ధర్మచక్రాన్ని నిలిపింది.

కనుక వెంకయ్యను ‘జాతీయ పతాక రూపశిల్పి’ అనేటప్పుడు ఏ ఏటి పతాకమన్నది చెప్పవలసి ఉంటుంది. రాట్నంతో కూడిన 1921 నాటి ఎరుపు, ఆకుపచ్చల నమూనా నిస్సందేహంగా ఆయనది. అందులో తెలుపు గాంధీజీది, రాట్నం ఊహ హంసరాజ్‌ది. కాషాయం, చక్రం తరువాతి సభల నిర్ణయాలు.